యుద్ధం మొదలయ్యే కారణం ఒకటి, ఆగకపోవడానికి కారణం ఇంకొకటి

1964 మే 27 నాటి ఒక ఫోన్ సంభాషణ రికార్డింగు ఉంది. ఒకవైపు అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్, రెండోవైపు ఆయన జాతీయ భద్రతా సలహాదారు మెక్‌జార్జ్ బండీ. ఆ రోజు పొద్దున తన దగ్గర పనిచేసే సార్జెంటు ఒకాయన తన వస్తువులు తీసి పెడుతుంటే చూశాననీ, అతనికి ఆరుగురు చిన్నపిల్లలున్నారనీ, ఇలాంటివాళ్ళని అక్కడికి ఎందుకు పంపాలి, అసలు వియత్నాంతో నాకేం పని అనీ జాన్సన్ అడుగుతాడు. దానికోసం పోరాడాల్సినంత విలువ ఉందని అనుకోవడం లేదనీ, అలాగని బయటపడగలమనీ అనుకోవడం లేదనీ అదే ఫోన్లో అంటాడు. అప్పటికి అక్కడున్న అమెరికా సైనికులు సుమారు 16 వేల మంది, అదీ సలహాదారుల పేరుతో. నాలుగేళ్ళు తిరిగేసరికి 5 లక్షలు దాటిపోయారు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. వాళ్ళకి తెలియక చేయలేదు, తెలిసే చేశారు.

ఎందుకంటే అప్పటి రాజకీయం అలాంటిది. 1949లో చైనాలో కమ్యూనిస్టులు గెలిచాక, చైనాని చేతులారా పోగొట్టావంటూ అప్పటి అధ్యక్షుడు ట్రూమన్‌ని ప్రత్యర్థులు ఏళ్ళ తరబడి తిట్టిపోశారు. ఆ తిట్లు జాన్సన్ మర్చిపోలేదు. 1964 నవంబరులో ఎన్నికలు. వియత్నాం వదులుకున్నాడన్న మాట తన మీద పడకూడదు. ఆగస్టులో టోంకిన్ సింధుశాఖలో అమెరికా ఓడలపై రెండుసార్లు దాడి జరిగిందని ప్రకటించారు. 2వ తేదీన దాడి నిజంగానే జరిగింది కానీ 4వ తేదీ దాడి జరగనే లేదని తర్వాత వాళ్ళ సొంత నిఘా సంస్థ చరిత్రకారుడే తేల్చాడు. ఆ జరగని దాడిని కూడా చూపించి 7వ తేదీన సైన్యాన్ని వాడే అధికారం అధ్యక్షుడికి ఇచ్చే తీర్మానం పెడితే ప్రతినిధుల సభలో 416-0, సెనేట్‌లో 88-2. వద్దన్నది ఇద్దరే, వేన్ మోర్స్, ఎర్నెస్ట్ గ్రూనింగ్.

ఇక అసలు ఉద్దేశం ఏమిటన్నది ఒక కాగితం మీద అంకెలతో సహా దొరుకుతుంది. 1965 మార్చిలో రక్షణ శాఖలో మంత్రి మెక్‌నమారా కింద పనిచేసే జాన్ మెక్‌నాటన్ ఒక నోట్ రాశాడు. మనం ఈ యుద్ధంలో ఎందుకున్నాం అంటే, 70 శాతం అమెరికా అవమానకరంగా ఓడిపోకుండా ఉండటానికి, 20 శాతం ఆ భూభాగం చైనా చేతికి పోకుండా చూడటానికి, 10 శాతం అక్కడి ప్రజలు మెరుగైన, స్వేచ్ఛ ఉన్న బతుకు బతకడానికి. అంటే జనానికి చెప్పింది ఆ 10 శాతం, లోపల నడిచింది 70 శాతం. 1971లో పెంటగాన్ పేపర్లు, అంటే ఈ యుద్ధంపై రక్షణ శాఖ రహస్యంగా రాయించుకున్న చరిత్ర, పత్రికల్లోకి వచ్చేదాకా ఈ నోట్ బయటివాళ్ళెవరికీ తెలియదు.

పరువు కోసం మొదలైన యుద్ధమైతే పరువు పోయినప్పుడు ఆగుతుంది అనుకుంటాం, కానీ అలా జరగదు, ఎందుకంటే చనిపోయిన ప్రతి సైనికుడితో పరువు ఖరీదు ఇంకాస్త పెరుగుతుంది, ఇంతమందిని పోగొట్టుకుని ఉత్త చేతులతో వెనక్కి వస్తే వాళ్ళ తల్లిదండ్రులకు ఏం చెప్పాలి అన్న ప్రశ్న వస్తుంది, ఆ ప్రశ్నకు జవాబు లేక ఇంకొంతమందిని పంపుతారు. 1968 మేలో పారిస్‌లో చర్చలు మొదలయ్యాయి. ఆ ఏడాది చివర్లో సైగాన్‌లోని దక్షిణ వియత్నాం ప్రభుత్వాన్నీ, దక్షిణాన దానితో పోరాడుతున్న కమ్యూనిస్టుల విముక్తి ఫ్రంట్‌నీ కూడా కూర్చోబెట్టాలన్నప్పుడు బల్ల ఏ ఆకారంలో ఉండాలన్న దగ్గర పీటముడి పడింది. ఫ్రంట్‌ని విడి పక్షంగా గుర్తించినట్టు కనిపించకూడదని సైగాన్ పట్టు, కనిపించి తీరాలని ఉత్తర వియత్నాం రాజధాని హనోయి పట్టు. వారాల తరబడి అదే పంచాయితీ. చివరికి 1969 జనవరిలో మధ్యలో ఒక గుండ్రటి బల్ల, దానికి ఎదురెదురుగా కాస్త ఎడంగా రెండు చిన్న బల్లలు అని ఒప్పుకున్నారు. ఆ వారాల్లో కూడా అక్కడ మనుషులు చస్తూనే ఉన్నారు. ఒప్పందం మీద సంతకాలు 1973 జనవరి 27న. మొత్తం 58 వేల పైచిలుకు అమెరికా సైనికులు చనిపోతే, అందులో 20 వేల మందికి పైగా చర్చలు మొదలయ్యాక, జాన్సన్ తర్వాత నిక్సన్ అధ్యక్ష పదవిలోకి వచ్చాక పోయినవాళ్ళే. వియత్నాం వాళ్ళ చావులైతే లక్షల్లో.

కొరియాలోనూ ఇదే వరస. 1951 జులైలో మాటలు మొదలైతే తుపాకులు ఆగింది 1953 జులై 27న, ఎక్కువ కాలం యుద్ధఖైదీల సంగతి దగ్గరే ఇరుక్కుపోయింది. శాంతి ఒప్పందం ఇప్పటికీ లేదు.

ఆపాలనుకున్నవాడికి ఏమవుతుందో తెలియాలంటే ఫ్రాన్స్ - అల్జీరియా కథ చూడాలి. ఫ్రాన్స్ పాలన నుంచి విడిపోవడానికి అల్జీరియాలో 1954లో మొదలైన ఆ యుద్ధం 1958లో నాలుగో రిపబ్లిక్ అనే ఫ్రాన్స్ పాలనా వ్యవస్థనే కూల్చేసింది. అల్జీరియాని వదలడన్న నమ్మకంతోనే అక్కడి సైన్యాధికారులూ, వలస వచ్చి స్థిరపడ్డ ఫ్రెంచివాళ్ళూ డిగాల్‌ని గద్దె ఎక్కించారు. వదలక తప్పదని ఆయనకు అర్థమయ్యేసరికి వాళ్ళే శత్రువులయ్యారు. 1961 ఏప్రిల్‌లో జనరళ్ళు తిరుగుబాటు చేశారు. 1962 మార్చిలో యుద్ధం ఆపే ఎవియాన్ ఒప్పందం కుదిరితే, ఆగస్టు 22న పారిస్ పక్కన పెటి క్లమార్‌లో ఆయన కారు మీద తుపాకులు పేల్చారు, టైర్లు పేలినా కారు ఆగకుండా పోవడంతో భార్యాభర్తలిద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. ఆ పోరాటాన్ని 'యుద్ధం' అని ఫ్రాన్స్ తన చట్టంలో రాసుకున్నది 1999లో.

యుద్ధాన్ని కొనసాగించే నాయకుడికి ఇంత ప్రమాదం ఎప్పుడూ రాదు. తన పదవీకాలం గడిచిపోతే చాలు, తర్వాత వచ్చేవాడు చూసుకుంటాడు. సోవియట్ నేత గోర్బచేవ్ ఒక్కడు కొంత వేరు. 1985లో పదవిలోకి వచ్చాడు, తమ సైన్యం పోరాడుతున్న ఆఫ్ఘనిస్తాన్‌ని 1986లో రక్తం కారుతున్న గాయం అని అందరి ముందూ అన్నాడు, అయినా ఆఖరి సైనిక దళం సరిహద్దులోని అమూ దర్యా నది వంతెన దాటింది 1989 ఫిబ్రవరి 15న. మిత్రదేశాల ముందు చులకన అవుతామన్న భయమే నాలుగేళ్ళు తినేసింది. మన దేశానికీ ఈ అనుభవం లేకపోలేదు. 1987లో శాంతి కాపాడటానికని శ్రీలంక వెళ్ళిన సైన్యం 1990 మార్చిలో తిరిగొచ్చేసరికి దాదాపు 1,200 మందిని పోగొట్టుకుంది.

ఆయుధ కంపెనీల లాభాల సంగతేంటి అని అడుగుతారు. అది నిజమే. 1961లో పదవి దిగిపోతూ ఐసెన్‌హోవర్, తానే సైన్యాధిపతిగా పనిచేసినవాడు, సైన్యమూ ఆయుధ పరిశ్రమా కలిసిపోయి అక్కర్లేని పలుకుబడి సంపాదిస్తాయని హెచ్చరించాడు. కానీ నాకనిపించేది, డబ్బు యుద్ధాన్ని సాగదీస్తుంది, ఆపనివ్వకుండా చేసేది మాత్రం ఎక్కువగా పంతమే. పైగా 1973లో అమెరికాలో నిర్బంధ సైనిక భర్తీ ఆగిపోయింది. ఆ తర్వాత యుద్ధాలకు స్వచ్ఛందంగా చేరినవాళ్ళు వెళ్తున్నారు, ఖర్చు అప్పుల మీద నడుస్తోంది, ఇంట్లో కూర్చున్న ఓటరుకు దాని సెగ తగలడం లేదు.

అందుకే ఆఫ్ఘనిస్తాన్‌లో అమెరికా యుద్ధం 20 ఏళ్ళు సాగింది. 2001 డిసెంబరులో కాందహార్ చేజారుతున్నప్పుడు తాలిబన్ నేతలు, అమెరికా వైపున్న ఆఫ్ఘన్ నాయకుడు హమీద్ కర్జాయ్‌తో లొంగుబాటు మాటలు మాట్లాడారు. తాలిబన్ అధినేత ముల్లా ఒమర్‌ని గౌరవంగా బతకనిచ్చే రాజీ ఏదీ కుదరదని రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ కొట్టిపారేశాడు. ఆ రోజుల్లోనే కొత్త ఆఫ్ఘన్ ప్రభుత్వం గురించి జర్మనీలోని బాన్‌లో జరిగిన సమావేశానికి కూడా వాళ్ళను పిలవలేదు. బిన్ లాడెన్ 2011లో పాకిస్తాన్‌లో చనిపోయాడు, అంటే వెళ్ళిన పని అక్కడితో తీరాలి, తీరలేదు. ఇంకో పదేళ్ళు. వైట్‌హౌస్‌లో ఈ యుద్ధ వ్యవహారాలు చూసిన డగ్లస్ లూట్, ఆ దేశం గురించి మాకు కనీస అవగాహన లేదు, మేం ఏం చేస్తున్నామో మాకే తెలియలేదు అని లోపలి విచారణలో ఒప్పుకున్నాడు, ఆ మాట జనానికి తెలిసింది 2019లో. 2020 ఫిబ్రవరి 29న దోహాలో అదే తాలిబన్‌తో సంతకాలు చేశారు, కాబూల్ ప్రభుత్వానికి ఆ బల్ల దగ్గర కుర్చీ లేదు. 2001లో ఓడిపోయినవాళ్ళు లొంగిపోతామంటే వద్దన్నారు, 2020లో గెలుస్తున్నవాళ్ళతో ఒప్పందం రాసుకున్నారు. ఈ మధ్యలో చనిపోయిన ఆఫ్ఘన్ల సంఖ్య లక్ష దాటింది.

ఈ యుద్ధానికి అనుమతిచ్చిన 2001 సెప్టెంబరు తీర్మానంలో అసలు వాక్యం ఇంగ్లిష్‌లో 60 పదాలు. అందులో ఏ దేశం పేరూ లేదు, గడువూ లేదు. దాన్ని పట్టుకునే తర్వాత యెమెన్‌లో, సోమాలియాలో, సిరియాలో దాడులు చేశారు. ఆ రోజు ప్రతినిధుల సభలో ఓట్లు 420-1. వద్దన్న ఆ ఒక్కరు కాలిఫోర్నియా సభ్యురాలు బార్బరా లీ. ఆ ఓటుకు ఆమెను చంపుతామని బెదిరించారు, ఆమెకు పోలీసు కాపలా పెట్టాల్సి వచ్చింది. ఆ చట్టాన్ని రద్దు చేయాలని ఏళ్ళ తరబడి ప్రయత్నిస్తూనే ఉంది. 2025 జనవరిలో ఆమె కాంగ్రెస్ నుంచి వెళ్ళిపోయేనాటికి కూడా ఆ 60 పదాలు అమల్లోనే ఉన్నాయి.