నిద్రమొహం ల్యాండు పనికిరాదా?

పిల్లలూ,

మీ ఉత్తరం చేరింది. కొత్త సెట్టు ప్యాకెట్లు విప్పితే రెండు రంగులిచ్చే ల్యాండ్ కార్డు వచ్చిందనీ, అక్క "సూపర్" అంటుంటే తమ్ముడు "ట్యాప్ అయి వస్తుంది, వేస్ట్" అంటున్నాడనీ రాశారు. మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డుల ఆటలో డ్రాగన్లను వదిలేసి ల్యాండు కోసం కొట్టుకుంటున్నారంటే మీకు ఆట పట్టుబడుతున్నట్టే.

1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ ఆ ఆట తయారుచేసిన నాటి నుంచీ కిటుకంతా ఒకచోటే ఉంది. మిగతా కార్డులు వేయడానికి కావాల్సిన రంగురంగుల శక్తిని మానా అంటారు, దాన్నిచ్చేది ల్యాండు. మామూలుగా వంతుకి ఒక్క ల్యాండే పెట్టనిస్తారు. అది అడ్డంగా పడుకుని, అంటే ట్యాప్ అయి వస్తే ఆ వంతుకి దాని మానా లేనట్టే.

చిన్నప్పుడు మా ఇంట్లో మేం నలుగురం అన్నదమ్ములం. తమ్ముడు పిలిస్తే చాలు లేచేవాడు, కాకపోతే నీళ్లు తోడడం ఒక్కటే వచ్చు. వాడు మీ ఐలాండ్ కార్డు, నీలం ఒక్కటే ఇచ్చే మామూలు ల్యాండు. పెద్దన్నయ్యకు నీళ్లు తోడడమూ వచ్చు, కట్టెలు కొట్టడమూ వచ్చు. అయితే ఇవాళ లేపితే రేపటికి లేచే రకం. దుప్పటి లాగితే దుప్పటితో పాటే దొర్లుకుంటూ వచ్చేవాడు, కళ్లు మాత్రం తెరిచేవాడు కాదు. అమ్మ వాణ్ని ఏనాడూ తిట్టలేదు. రేపు కట్టెలు కావాలనుకుంటే ఇవాళే ఓ కేక వేసి తన పని చూసుకునేది. ల్యాండును అంచనా వేయడమంటే అమ్మ చేసిన ఆ లెక్కే.

2012లో రిటర్న్ టు రావ్నికా అనే సెట్టు వచ్చింది. అందులోని ఇజ్జెట్ గిల్డ్‌గేట్ అచ్చం మా పెద్దన్నయ్యే. నీలం, ఎరుపు రెండూ ఇస్తుంది, ఎప్పుడూ పడుకునే వస్తుంది. అదే సెట్టులో స్టీమ్ వెంట్స్ కూడా ఉంది. ఇచ్చేవి ఆ రెండు రంగులే. కానీ 2 లైఫ్, అంటే మీ ప్రాణం పాయింట్లు రెండు, లంచం ఇస్తే వెంటనే లేస్తుంది, ఇవ్వకపోతే అదీ నిద్రే. 20 లైఫ్‌తో మొదలయ్యే ఆటలో ఆ లంచం పెద్దదేం కాదు, ఇలాంటివి దించిన ప్రతిసారీ ఇస్తూ పోతే మాత్రం చివర్లో తెలిసొస్తుంది. 2016లో కలాదేశ్ సెట్టుతో వచ్చిన స్పైర్‌బ్లఫ్ కెనాల్ మా రెండో అన్నయ్య. అప్పటికి మీ ముందు వేరే ల్యాండ్లు రెండుకి మించకపోతే హుషారుగా దిగుతుంది. జనం ఎక్కువయ్యాక వస్తే ముసుగు తన్నేస్తుంది.

ఇప్పుడు తగవు తీరుస్తాను. మొదటి వంతులో మీ చేతిలో వేయదగ్గ కార్డే లేదనుకోండి, గిల్డ్‌గేట్ పడుకుంటే మీకు పోయిందేమిటి? ఏమీ లేదు. అదే నాలుగో వంతులో, నాలుగు మానాల కార్డు చేతిలో కాచుక్కూర్చున్నప్పుడు దిగితే? వంతంతా వెనకబడతారు. అందుకే మొదటి వంతు నుంచే దాడి చేసే ఎర్ర డెక్కులో (డెక్కంటే మీరు ఆడే కార్డుల కట్ట) తమ్ముడి మాట నిజం. అక్కడికక్కడే ప్యాకెట్లు విప్పి కార్డులు ఎంచుకుని, 40 కార్డులతో తీరిగ్గా ఆడే డ్రాఫ్టులో అక్క మాట నిజం. నిద్రమొహం అని పారేయకండి, రెండు రంగులని నెత్తినా పెట్టుకోకండి.

మరొకటి. బొమ్మకీ రాతకీ మధ్య సన్నటి వరుస ఒకటి ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు. స్టీమ్ వెంట్స్ మీద అక్కడ ఐలాండ్, మౌంటెన్ (ఎరుపిచ్చే మామూలు ల్యాండు పేరు) అని ఉంటుంది. గిల్డ్‌గేట్ మీద ఆ మాటలు లేవు. 2009 నాటి జెండికార్ సెట్టులో స్కాల్డింగ్ టార్న్ అని ఒక ల్యాండుంది. అది 1 లైఫ్ తీసుకుని, తను ఆటలోంచి తప్పుకుని, డెక్కులోంచి ఐలాండో మౌంటెనో వెతికి తెస్తుంది. స్టీమ్ వెంట్స్‌ను తేగలదు, గిల్డ్‌గేట్‌ను తేలేదు. ఆ రెండు చిన్న మాటలకు అంత బలం! ఇంట్లో మనిషిని పంపి ఇంకో మనిషిని పిలిపిస్తే పంపినవాడు తిరిగి రాకపోవడం మా ఇంట్లోనూ జరిగేదనుకోండి, ఆ కథ ఇప్పుడెందుకు.

నిద్రా లంచమూ ఏమీ లేకుండా ఈ రెండు రంగులూ ఇచ్చిన ల్యాండు కూడా ఉంది. పేరు వోల్కానిక్ ఐలాండ్. 1993లో మొదటి ముద్రణ ఆల్ఫాలో పొరపాటున దాన్ని వదిలేశారు, తర్వాతి బీటాలో చేర్చారు. అంత మంచిదాన్నే మరిచిపోయారంటే ఇప్పటికీ నాకు వింతే.

ఇక మీ కార్డు సంగతి. డెక్కులో 60 కార్డులుంటే అందులో 24 ల్యాండ్లు పెట్టండి. మీ కొత్త ల్యాండు ఒక్కటే ఉంది కాబట్టి మూడు చిత్తు కాగితాల మీద దాని పేరు రాసి నకళ్లు చేసుకోండి, నాలుగు దాకా పెట్టుకోవచ్చు. బాగా కలిపి ఏడు కార్డులు తీసి, ఎదుట ఎవరూ లేకుండానే నాలుగు వంతులు ఆడండి. అది నిద్రపోవడం వల్ల చేతిలో కార్డు ఉండి కూడా వేయలేకపోయిన ప్రతిసారీ పక్కన ఒక గీత పెట్టండి. అక్క డెక్కుకి వేరే కాగితం, తమ్ముడి డెక్కుకి వేరే కాగితం. అలా ఓ పాతికసార్లు ఆడి, రెండు కాగితాలూ నాకు పంపండి. పంపేముందు గీతలు చెరపొద్దు.

మీ తాతయ్య