అగ్నివీర్ పెన్షన్ గొడవ వెనుక పాతికేళ్ల కథ: బిడ్డను సాకేవాళ్లు ఏ లెక్కలో ఉన్నారు?

ఆపరేషన్ సిందూర్ సమయంలో, 2025 మే 9న జమ్మూకశ్మీర్ సరిహద్దులో అమరుడైన అగ్నివీర్ మురళీ నాయక్ మన సీమ బిడ్డ. శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండా ఆయన ఊరు. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, ఐదెకరాల పొలం, ఇంటి స్థలం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. ఆ తర్వాత ఆయన తల్లి బొంబాయి హైకోర్టుకు వెళ్లారు. అదే బంకర్‌లో, అదే తూటాకు రెగ్యులర్ జవాను చనిపోతే ఇంటికి జీవితాంతం పెన్షన్ వస్తుంది, అగ్నివీర్ చనిపోతే ఎందుకు రాదన్నది ఆమె ప్రశ్న. ఆ కేసు వార్త వచ్చినప్పుడల్లా తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో పిల్లల్ని మిలిటరీకి పంపిన ఇళ్లలో ఇదే మాట మళ్లీ నడుస్తోంది.

కేంద్రం వాదన తెలిసిందే. అగ్నివీర్‌ది నాలుగేళ్ల ఉద్యోగం, చేరేటప్పుడే షరతులన్నీ కాగితం మీద ఉన్నాయి. విధి నిర్వహణలో చనిపోతే 48 లక్షల బీమా, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన కాలానికి జీతం, సేవా నిధి (నాలుగేళ్ల చివర ఇచ్చే ఏకమొత్తం) అందుతాయి. లేనిదల్లా కుటుంబ పెన్షన్.

ఇప్పటి గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది 1999 కార్గిల్, దాని వెనకాలే 2001 జనవరి 31న రక్షణ శాఖ ఇచ్చిన ఒక ఉత్తర్వు.

కార్గిల్‌కు ముందు యుద్ధంలో చనిపోయిన జవాన్లకు చాలావరకు అక్కడికక్కడే అంత్యక్రియలు చేసేవారు. ఇంటికి టెలిగ్రాం, ఆ తర్వాత ట్రంకు పెట్టె వచ్చేవి. 1999లో మొదటిసారి జాతీయ జెండా కప్పిన శవపేటికలు వరసగా ఊళ్లకు చేరాయి. కలెక్టర్లు, మంత్రులు వచ్చారు, టీవీ కెమెరాలు వచ్చాయి, పరిహారాలు ప్రకటించారు. అప్పటిదాకా జవాను ఇల్లంటే సర్కారుకు ఒక సర్వీసు నంబరు. ఆ వేసవిలో దేశమంతా ఆ ఇంటి గడప చూసింది. అది మంచికే జరిగింది. కానీ ఆదుకోవడమంటే పేటిక వచ్చాక చేసే పని అనే అలవాటు కూడా అప్పుడే స్థిరపడింది.

2001 నాటి ఉత్తర్వు ఆ అలవాటుకు రూల్ రూపం ఇచ్చింది. సైనికుల మరణాలను, వైకల్యాలను A నుంచి E దాకా ఐదు వర్గాలు చేసింది. మామూలు జబ్బుతో పోతే ఒక లెక్క, డ్యూటీ ప్రమాదమైతే ఇంకో లెక్క, ఉగ్రవాద దాడిలోనో యుద్ధంలోనో అయితే చివరి జీతమంత పెన్షన్. పెళ్లికాని జవాను చనిపోతే తల్లిదండ్రులిద్దరూ ఉన్నప్పుడు అందులో 75 శాతం, ఒక్కరే మిగిలితే 60 శాతం. మురళీ నాయక్ తల్లి పోల్చి అడుగుతున్న హక్కు ఇదే. అగ్నివీర్‌గా చేరాలంటే పెళ్లి కాకూడదు కాబట్టి, ఆ ఇళ్లలో మిగిలేది ఎక్కువగా తల్లిదండ్రులు, చదువుకుంటున్న చెల్లెళ్లు, తమ్ముళ్లు.

అదే ఉత్తర్వులో పెద్దగా ఎవరూ మాట్లాడని నిబంధన ఇంకొకటి ఉంది. అంతకుముందు జవాను భార్య మళ్లీ పెళ్లి చేసుకుంటే ప్రత్యేక కుటుంబ పెన్షన్ (డ్యూటీ వల్ల చనిపోతే ఇచ్చే, మామూలు దానికంటే పెద్దది) ఆగిపోయేది. చనిపోయిన భర్త తమ్ముడినో అన్ననో చేసుకుంటేనే మినహాయింపు. కొత్త నిబంధన ఆ ముడి విప్పింది. ఆమె ఎవరిని చేసుకున్నా సరే, పిల్లల్ని సాకుతూ ఉంటే పూర్తి పెన్షన్ ఆమెదే. సాకకపోతే ఆమెకు మామూలు కుటుంబ పెన్షన్, ఆ పెద్ద పెన్షన్‌లో సగం పిల్లలకు. శౌర్య పతకాల భత్యం విషయంలో మాత్రం మరిదో బావగారో అనే షరతు 2017 నవంబరు దాకా అలాగే ఉండిపోయింది.

నా దృష్టిలో మలుపు ఇక్కడే. బిడ్డను ఎవరు పెంచుతున్నారన్న ప్రశ్నను పెన్షన్ కాగితం గట్టిగా అడిగింది అప్పుడే, అడిగింది మాత్రం తండ్రి పోయాక. తండ్రి బతికి ఉండి, సియాచిన్‌లోనో తవాంగ్‌లోనో ఉన్నప్పుడు ఆ బిడ్డను ఎవరు సాకుతున్నారో, వాళ్లు ఎలా ఉన్నారో అడిగే కాగితం ఆనాడు రాలేదు.

మన దగ్గర ఆ సాకడం ఎలా ఉంటుందో చూడండి. జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ లీవు. అగ్నివీర్‌కు 30 రోజులు. ఫీల్డ్ పోస్టింగ్‌లో భార్యాపిల్లల్ని వెంట ఉంచుకోవడం కుదరదు. ఫీల్డ్‌లో ఉన్నవాళ్ల కుటుంబాలకు కంటోన్మెంట్లలో విడిగా క్వార్టర్లు ఇస్తారు గానీ, తిరుపతిలోనో చిత్తూరులోనో కంటోన్మెంట్ లేదు. సికింద్రాబాద్, చెన్నై, బెంగళూరు పోవాలి. అందుకే ఎక్కువ మంది ఊళ్లో అత్తమామల దగ్గరైనా ఉంటారు, లేదా పిల్లల చదువు కోసం దగ్గరి టౌనులో ఇల్లు అద్దెకు తీసుకుంటారు.

జనరల్ బిపిన్ రావత్‌తో పాటు 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయిన లాన్స్ నాయక్ సాయితేజది అప్పటి చిత్తూరు జిల్లా కురబలకోట మండలం ఎగువరేగడ. ఆయన కూడా పిల్లల చదువుల కోసమే కుటుంబాన్ని మదనపల్లెలో ఉంచారు. ఆ రోజు ఉదయం ఇంటికి వీడియో కాల్ చేసి మాట్లాడారని పత్రికలన్నీ రాశాయి. మృతదేహాన్ని గుర్తుపట్టడానికి డీఎన్‌ఏ పరీక్ష చేయాల్సి వచ్చింది. 12వ తేదీ దాకా ఆ ఇంట్లోవాళ్లు ఎదురుచూశారు. 50 లక్షల చెక్కు వచ్చింది, జనం వేలాదిగా వచ్చారు. అంతకుముందు ఏళ్ల తరబడి ఒంటరిగా ఇద్దరు పిల్లల్ని చూసుకున్న తల్లి గురించి ఆ రోజుల్లో ఎవరూ రెండు వాక్యాలు రాయలేదు.

ఆ పని ఎంత బరువో బయటివాళ్లకు అర్థం కాదు. బిడ్డకు జ్వరమొస్తే రాత్రి ఆటో పిలిచేది ఆమే. స్కూల్లో పేరెంట్స్ మీటింగ్‌కు పోయేది, పొలం గట్టు తగాదా వస్తే తహసీల్దారు ఆఫీసుకు తిరిగేది ఆమే. సరిహద్దులో ఏదైనా జరిగిందని టీవీలో స్క్రోలింగ్ వస్తే పిల్లలు చూడకుండా ఛానెల్ మార్చేదీ ఆమే. ఫోన్ రెండు రోజులు కలవకపోతే టెన్షన్ ఎవరికీ చెప్పుకోలేదు. చెబితే ‘మిలిటరీ వాళ్లకేం, క్యాంటీన్ ఉంది, పెన్షన్ ఉంది’ అంటారు. అవ్వా తాతల దగ్గర పిల్లల్ని వదిలి తల్లి ఉద్యోగం చేస్తున్న ఇళ్లలో ఈ భారమంతా అరవై దాటినవాళ్ల మీద పడుతోంది.

కాగితాల గోల ఇంకొకటి. పెళ్లయినా, బిడ్డ పుట్టినా జవాను యూనిట్‌కు తెలియజేసి పార్ట్ టూ ఆర్డర్ (సర్వీసు రికార్డులో నమోదు చేసే ఉత్తర్వు) వేయించుకోవాలి. అది పడకపోతే రికార్డ్ ఆఫీసు లెక్కలో ఆ భార్యా లేదు, ఆ బిడ్డా లేడు. పిల్లల చదువు భత్యం రాదు, వైద్యం కార్డు రాదు. పెళ్లి సర్టిఫికెట్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉంటే చాలు, ఫైలు వెనక్కి వస్తుంది. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ప్లాస్టిక్ కవర్లో కాగితాలన్నీ పెట్టుకుని వచ్చే ఆడవాళ్లలో చాలామంది సమస్య ఈ ఇంటిపేరు తేడాయే.

సైన్యానికి ఈ ఒత్తిడి సంగతి తెలియదని కాదు. జవాన్ల మానసిక ఒత్తిడికి ఇంటి సమస్యలు, ఆస్తి తగాదాలు కారణమని పార్లమెంటులో రక్షణ శాఖే పలుమార్లు చెప్పింది. ఏకే ఆంటోనీ రక్షణ మంత్రిగా ఉన్నప్పుడు జవాన్ల కుటుంబాల ఫిర్యాదులను జిల్లా యంత్రాంగాలు త్వరగా తేల్చాలని ముఖ్యమంత్రులకు లేఖలు రాశారు. సైన్యంలో సగానికి పైగా తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుందని ఢిల్లీలోని రక్షణ అధ్యయన సంస్థ యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్ అధ్యయనం ఒకటి చెబితే సైన్యం దాన్ని ఒప్పుకోలేదు. 2021 జనవరిలో ఆ వ్యాసాన్ని సంస్థ వెబ్‌సైట్ నుంచి తీసేశారు. అంకె సరైనదా కాదా అన్న వాదన అలా ఉంచితే, ఆ చర్చంతా జవాను చుట్టూనే నడిచింది. ఇంట్లో బిడ్డను చూసుకునే మనిషి ఒత్తిడి అందులో ఒక ‘కారణం’గానే కనిపించింది, దానికంటూ ఒక వైద్యం కావాలని ఎవరూ అనలేదు.

2024 జులైలో ఉత్తరప్రదేశ్‌కు చెందిన అమర కెప్టెన్ తల్లిదండ్రులు జవాను పోయాక డబ్బు, గౌరవాలు ఎవరికి చేరాలో చెప్పే వారసుల నిబంధన మార్చాలని అడిగినప్పుడు ఇంకో గొడవ లేచింది. కోడలు వెళ్లిపోతే ముసలివాళ్లు ఏమైపోవాలని వాళ్ల ఆవేదన. అందులో న్యాయం ఉంది. కుటుంబ పెన్షన్‌ను భార్యకు, తల్లిదండ్రులకు పంచే ప్రతిపాదన పరిశీలనలో ఉందని కేంద్రం ఆ తర్వాత లోక్‌సభకు చెప్పింది. కానీ పిల్లలున్న చోట ఆ పంపకం ఎలా ఉండాలో మాట్లాడేవాళ్లు తక్కువ. మన వైపు కోడలు టౌన్లో పిల్లల్ని చదివిస్తూ ఉంటే ‘ఊరొదిలి పోయింది’ అనే మాట ఇట్టే పుడుతుంది. ఆమె పోయింది బిడ్డ స్కూలు కోసం. 2001 నిబంధన చూసింది బిడ్డ ఎవరి చేతిలో పెరుగుతోందన్నది. అత్తామామలా, కోడలా అని పక్షాలు పెట్టే ముందు ఆ కొలతను గట్టిగా పట్టుకోవాలి. అవ్వాతాతలే పెంచుతున్నచోట ఆ డబ్బు వాళ్లకు చేరాలి, తల్లి పెంచుతున్నచోట ఆమె వాటాకు కోత పడకూడదు.

బతికున్నవాళ్ల ఇంటి వైపు చూపు తిరిగింది ఈ మధ్యనే, అదీ ముక్కలు ముక్కలుగా. భార్య లేని జవాన్లకు బిడ్డ సంరక్షణ సెలవు 2019లో వచ్చింది. మహిళా సైనికులకు ఆఫీసర్లతో సమానంగా ఆ సెలవు 2023 నవంబరులో ఇచ్చారు. భార్య ఇంట్లో మంచాన పడ్డ జవానుకు మాత్రం ఆ సెలవు లేదు. ఫోన్లో మానసిక సాయం అందించే సర్కారు సేవ టెలీ మానస్ 2022 అక్టోబరు 10న మొదలైంది. సైనికులకు, వాళ్ల కుటుంబాలకు పుణె సైనిక వైద్య కళాశాలలో ప్రత్యేక విభాగం 2023 డిసెంబరు 1న తెరిచారు. 14416కు ఎవరైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు పడదు. ఎదురుగా కూర్చుని మాట్లాడాలనుకుంటే తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చిత్తూరు వైపు వాళ్లు వేలూరు సీఎంసీకి పోతారు. సమస్య ఏమిటంటే, పిచ్చి డాక్టరు దగ్గరికి పోయిందని ఊరంతా అంటుందన్న భయం. ఆ భయం పోవాలంటే సైనిక సంక్షేమ కార్యాలయంలోనే వారానికొక రోజు కౌన్సెలర్ కూర్చోవాలి. పెన్షన్ పని మీద వచ్చిన మనిషి ఆ పక్క గదిలోకి కూడా పోవడం సులువు.

కార్యాలయంలో ఒక కుర్చీ వేయడం కుదరని పనేమీ కాదు. జాతీయ న్యాయసేవల సంస్థ 2025 జులై 26న మొదలుపెట్టిన వీర్ పరివార్ సహాయతా యోజన కింద సైనిక బోర్డుల్లో ఉచిత న్యాయ సహాయ క్లినిక్‌లు పెడుతున్నారు. ఎక్కడో సరిహద్దులో ఉన్న జవాను ఊళ్లో భూమి కేసు వాయిదాలకు రాలేడని గుర్తించే ఈ పథకం తెచ్చారు. లాయరుకు చోటు దొరికిన చోట కౌన్సెలరుకూ దొరుకుతుంది. 2025 నవంబరు 1 నుంచి వచ్చే దరఖాస్తులకు కేంద్రీయ సైనిక్ బోర్డు పిల్లల చదువు సాయాన్ని నెలకు వెయ్యి నుంచి రెండు వేలకు పెంచింది. అది హవల్దార్ స్థాయి దాకా మాజీ సైనికుల పిల్లలకు, వితంతువుల పిల్లలకు.

అగ్నివీర్‌లను తీసుకునే అగ్నిపథ్ పథకం కింద మొదటి బ్యాచ్ కుర్రాళ్లు 2022 చివర్లో, 2023 మొదట్లో చేరారు. వాళ్ల నాలుగేళ్లు 2026 చివరి నుంచి పూర్తవుతాయి. శాశ్వతంగా ఉంచుకునేది 25 శాతం మందిని. మిగతావాళ్లకు పెన్షన్ ఉండదు, మాజీ సైనికుల వైద్య పథకం ఉండదు, మాజీ సైనికుడి హోదా కూడా ఉండదు. ఆ తర్వాత పెళ్లిళ్లై పిల్లలు పుడితే, పైన చెప్పిన చదువు సాయం ఆ ఇళ్లకు అందదు.