లివర్ క్యాన్సర్, నరాలు, రంది: అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో లివర్ జబ్బులు చూసే డాక్టర్‌గా నేను తరచూ వినే మాట: "బిడ్డ పెళ్లి అప్పులకు రంది పెట్టుకున్నడు సార్, అందుకే లివర్‌కు క్యాన్సరొచ్చింది." నరాలకూ లివర్‌కూ ఉన్న సంబంధం గురించి ఇలాంటివి చాలా ప్రచారంలో ఉన్నాయి. కొన్నింటి వల్ల ప్రాణాల మీదికి వస్తోంది.

అపోహ: రంది, టెన్షన్ వల్లే లివర్ క్యాన్సర్ వస్తుంది.

ఇది పూర్తిగా గాలి మాట కాదు. మన ప్రమేయం లేకుండా గుండెను, పేగులను, రక్తనాళాలను నడిపేది స్వయంచోదిత నాడీ వ్యవస్థ. అందులో కంగారు పడ్డప్పుడు ఒంటిని ఉరికించే సింపథెటిక్ నరాలు కాలేయ ధమని, పేగుల నుంచి లివర్‌కు రక్తం తెచ్చే పోర్టల్ సిరల వెంబడి లివర్‌లోకి వెళ్తాయి. ఒంటిని నెమ్మదింపజేసే పారాసింపథెటిక్ వైపు నుంచి వేగస్ నాడి వస్తుంది. ఆందోళన పడ్డప్పుడు సింపథెటిక్ నరాలు నార్‌అడ్రినలిన్ వదులుతాయి, లివర్ తను దాచుకున్న చక్కెరను రక్తంలోకి పంపుతుంది. లివర్ క్యాన్సర్ కణాల మీద కూడా ఈ నార్‌అడ్రినలిన్‌ను అందుకునే బీటా గ్రాహకాలు ఉంటాయి. వేరే రసాయనం ఇచ్చి ఎలుకలకు లివర్ క్యాన్సర్ తెప్పించిన ప్రయోగాల్లో, సింపథెటిక్ నరాలను పనిచేయకుండా చేస్తే గడ్డలు తగ్గాయి. వేగస్ విషయంలో ఫలితాలు ఇంత సూటిగా లేవు.

అయితే ఆ ఎలుకల్లో క్యాన్సర్ తెచ్చింది బయటి నుంచి ఇచ్చిన రసాయనం. నరాలు దానికి తోడయ్యాయి, అంతే. మనుషుల్లో మొదటి దెబ్బ కొట్టేవి హెపటైటిస్ బి, సి వైరస్‌లు, మద్యం, షుగరు, ఊబకాయంతో వచ్చే ఫ్యాటీ లివర్, బూజు పట్టిన గింజల్లోని అఫ్లాటాక్సిన్ అనే విషం. పాలమూరు వైపు పల్లి బాగా పండిస్తారు కాబట్టి ప్రత్యేకంగా చెప్తున్నా: బూజు పట్టినవి, ముడుచుకుపోయినవి, రంగు మారినవి ఏరి పారేయండి. వేయించినంత మాత్రాన ఆ విషం పూర్తిగా పోదు.

"నీ వల్లే ఆయన రంది పెట్టుకున్నడు" అని భార్యనో కొడుకునో ఆడిపోసుకోవడం నేను ఓపీలో చూస్తుంటాను. దయచేసి ఆ పని చేయకండి. పేషెంట్‌కు హెపటైటిస్ బి ఉందని తేలితే ఇంటిల్లిపాదికీ పరీక్ష చేయించండి. అది కాన్పు సమయంలో తల్లి నుంచి బిడ్డకు అంటుకోగల వైరస్. దానికి టీకా ఉంది. పుట్టిన 24 గంటల్లోపు పిల్లలకు మొదటి డోసు వేస్తారు.

అపోహ: "నాకు బీపీ లేదు, ఈ బీపీ గోలీ ఎందుకు?"

నాకు అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే. లివర్ గట్టిపడినవాళ్లకు, అంటే సిర్రోసిస్ ఉన్నవాళ్లకు, ప్రొప్రనలాల్ గానీ కార్వెడిలాల్ గానీ రాస్తాం. ఊళ్లో ఎవరో చీటీ చూసి "ఇది బీపీ గోలీ, నీకెందుకు" అంటారు. పేషెంట్ మానేస్తాడు. కొన్నాళ్లకు అర్ధరాత్రి రక్తపు వాంతులతో అంబులెన్స్‌లో వస్తాడు.

సిర్రోసిస్ ముదిరేకొద్దీ సింపథెటిక్ నరాలు అతిగా పనిచేస్తుంటాయి. లివర్‌లోకి రక్తం తేలిగ్గా వెళ్లలేక పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగి, అన్నవాహికలోని సిరలు ఉబ్బుతాయి. అవి పగిలితేనే ఆ వాంతులు. ఈ గోలీ ఆ నరాల ప్రభావాన్ని అడ్డుకుని గుండె వేగాన్ని తగ్గిస్తుంది, పేగుల వైపు వెళ్లే రక్తాన్ని తగ్గిస్తుంది, దాంతో సిరల మీద ఒత్తిడి దిగుతుంది. స్పెయిన్‌లో జరిగి 2019లో వెలువడిన ఒక పరిశోధనలో ఈ మందులు వాడినవాళ్లలో పొట్టలో నీరు చేరడం కూడా తగ్గింది. ప్రొప్రనలాల్ ఇచ్చినప్పుడు నాడి నిమిషానికి 55-60 దగ్గరికి వచ్చేలా డోసు సరిచేస్తాం. పై బీపీ 90 కన్నా తగ్గితే డోసు తగ్గిస్తాం లేదా ఆపుతాం. ఆస్తమా ఉంటే ముందే చెప్పండి. సొంతంగా ఉన్నపళంగా మాత్రం ఆపకండి.

ఈ మందు వాడేవాళ్లలో లివర్ క్యాన్సర్ కొంత తక్కువగా కనిపించిందని చెప్పే పరిశీలనలు ఉన్నాయి. అంతమాత్రాన అది క్యాన్సర్ మందు అయిపోదు. యూట్యూబ్ చూసి కొనుక్కోవద్దు.

అపోహ: నొప్పి లేదంటే లివర్ బాగున్నట్టే.

లివర్ లోపలి భాగానికి నొప్పి తెలియదు, దాని మీది పొర సాగినప్పుడే తెలుస్తుంది. ఒక్కోసారి ఆ నొప్పి కుడి భుజంలో కనిపిస్తుంది, జండూబామ్ రాసుకుంటూ నెలలు గడిపేస్తారు. సిర్రోసిస్ ఉంటే నొప్పి ఉన్నా లేకున్నా ఆరు నెలలకోసారి స్కానింగ్ చేయించాలి.

అపోహ: ప్రాణాయామంతో నరాలు శాంతిస్తే గడ్డ కరిగిపోతుంది.

నిదానంగా శ్వాస తీసుకుంటే వేగస్ ప్రభావంతో గుండె నెమ్మదిస్తుంది, మనసు కుదుటపడుతుంది. చేయండి, నేనూ చేయమంటాను. గడ్డ మాత్రం కరగదు. ఆపరేషన్ వాయిదా వేసుకుని ఆసనాల మీద ఆధారపడితే, మేం తీసేయగలిగిన గడ్డ తీయలేనంత పెద్దదవుతుంది.

అపోహ: కల్లు మానేస్తే నరాలు పడిపోతాయి.

మా దగ్గర, పాలమూరులో మరీ ఎక్కువగా వినపడే మాట. మానిన ఒకట్రెండు రోజులకు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, గుండె దడదడలాడుతుంది, నిద్ర పట్టదు. "కల్లు లేక నరాలు గుంజుతున్నయ్" అని మళ్లీ దుకాణానికి పోతారు. అది నరాల బలహీనత కాదు. ఇన్నాళ్లూ మత్తు అణచి ఉంచిన సింపథెటిక్ నరాలు ఒక్కసారిగా విజృంభించడం. కల్లులో అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపితే ఈ తిప్పలు ఇంకా ఎక్కువ, ఫిట్స్ రావచ్చు, లేనివి ఉన్నట్టు కనిపించవచ్చు. అందుకే రోజూ తాగే మనిషిని ఇంట్లో కట్టడి చేసి ఒక్కరోజులో మాన్పించకండి. ప్రభుత్వ దవాఖానలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. మందులు మెల్లగా తగ్గిస్తూ మాన్పిస్తారు, అదే సమయంలో లివర్ స్కానింగ్, హెపటైటిస్ పరీక్షలు కూడా చేయించుకోవచ్చు.