ఖైదీల వార్డులో సోషల్ వర్కర్: జనం అనుకునేది, నేను చూసేది

హన్మకొండలో ఇల్లు అద్దెకు మాట్లాడుకునేటప్పుడు ఓనర్ అంకుల్ అడ్వాన్సు లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాక ఒక మాట అడిగాడు. “మేడం, మీ పేషెంట్లు ఎవలన్న ఇంటికొస్తరా?” “రారు అంకుల్, నేనే వాళ్ల ఇండ్లకు పోత” అన్నాను. దాంతో ఆయన టెన్షన్ ఇంకా పెరిగింది.

నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. కేసుల్లో ఇరుక్కున్న మానసిక రోగులతో నా పని. కొన్నేళ్లు హైదరాబాద్‌లో, తాళమూ పోలీసు కాపలా ఉండే వార్డులో చేశాను. ఇప్పుడు హన్మకొండలో ఉంటూ ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి అలాంటి వార్డులకు వెళ్లినవాళ్ల ఇళ్లకు తిరుగుతున్నాను. ఈ పని గురించి బస్సులో, పెళ్లిళ్లలో, కోర్టు వరండాల్లో వినే మాటలే ఇక్కడ రాస్తున్నాను. మనుషుల్ని గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను.

అపోహ: ఆ వార్డులో ఉన్నోళ్లంతా హంతకులే

హత్య కేసులవాళ్లు ఉంటారు, లేరని చెప్పను. కానీ పక్క మంచంలో గడ్డివాముకు నిప్పు పెట్టినవాడు, ఆర్టీసీ బస్సు అద్దం పగలగొట్టినవాడు, ఎవరిదో బైకు తీసుకుని పెట్రోలు అయిపోయేదాకా తిరిగినవాడు కూడా ఉంటారు. చాలామందికి శిక్ష పడలేదు, విచారణ ఖైదీలు. దేశంలోని జైళ్లలోనే నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలు కదా, మా వార్డు అందుకు భిన్నంగా ఎందుకుంటుంది?

హింస జరిగిన కేసుల్లో నేను చూసినంతవరకు దెబ్బ తిన్నది ముక్కూమొహం తెలియనివాళ్లు కాదు. తల్లి, భార్య, అన్న, పక్కింటివాళ్లు. మందులు ఆపేసి నెలలు గడిచి, నిద్ర కరువై, పైన తాగుడు కూడా తోడైనప్పుడు జరిగినవే ఎక్కువ. మానసిక రోగం ఉన్నవాళ్లలో అత్యధికులు ఎవరి మీదా చెయ్యెత్తరు. వాళ్లే దెబ్బలు తింటారు, మోసపోతారు. ఊళ్లో రాళ్లు వేయించుకునేది ఎవరో మీకూ తెలుసు.

అపోహ: పిచ్చి అని సర్టిఫికెట్ తెచ్చుకుంటే కేసు పోతది

ఇది నేను వారానికి ఒక్కసారైనా వింటాను. చదువుకున్నవాళ్ల నోట మరీ ఎక్కువ.

ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. మొదటిది: ఆ పని చేసిన క్షణంలో అతని మనసు ఎలా ఉంది? పాత ఐపీసీలో సెక్షన్ 84, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 22 దీని గురించే చెబుతాయి. మతిస్థిమితం లేనందువల్ల తానేం చేస్తున్నాడో, అది తప్పో చట్టవిరుద్ధమో తెలుసుకోలేని స్థితిలో ఉంటేనే అది నేరం కాదు. పదేళ్లుగా రోగం ఉందన్నది ఒక్కటే సరిపోదు. ఆ స్థితిని చూపించే భారం నిందితుడి మీదే ఉంటుంది. డాక్టరు చెప్పే రోగం వేరు, చట్టం ఒప్పుకునే మతిస్థిమితం లేకపోవడం వేరు అని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. డాక్టరు ఇచ్చేది అభిప్రాయమే, తేల్చేది జడ్జి.

రెండో ప్రశ్న: ఇప్పుడు, ఈ రోజున, కోర్టులో ఏం జరుగుతోందో అతనికి అర్థమవుతుందా? తన లాయరుతో మాట్లాడి తన తరఫు చెప్పుకోగలడా? లేడంటే విచారణ వాయిదా పడుతుంది. కేసు పోదు, ఆగుతుంది. ఆగిన కేసు ఎంత ప్రమాదమో చెప్పడానికి అస్సాంలోని మచల్ లాలుంగ్ ఒక్కడు చాలు. 1951లో అరెస్టయ్యాడు. తేజ్‌పూర్ మానసిక చికిత్సాలయానికి పంపారు. కోలుకున్నాడని 1967లో డాక్టర్లు చెప్పారు. ఇంటికి పంపాల్సింది పోయి గువాహటి జైలుకు పంపారు. 2005లో, ఒక్క రూపాయి బాండు మీద బయటికొచ్చాడు. 54 ఏళ్లు. విచారణ జరిగి శిక్షే పడి ఉంటే ఎప్పుడో ఇంటికి పోయేవాడు. పిచ్చి పేరు చెప్పి తప్పించుకుంటారు అనేవాళ్లకు నేను ఈ కథ చెబుతాను.

ఒకవేళ కోర్టు మొదటి ప్రశ్నకు నిందితుడి వైపే తీర్పు ఇచ్చినా, ఆ పని అతనే చేశాడని తేలితే గేటు దాటి నేరుగా బస్టాండుకు పోడు. సురక్షిత నిర్బంధంలో ఉంచమనో, పూచీ తీసుకుని బంధువుకు అప్పగించమనో కోర్టు ఆదేశిస్తుంది.

మరి నటించేవాళ్లు లేరా అంటే, ఉన్నారు. పొద్దున డాక్టరు రౌండ్సుకు వచ్చినప్పుడు గోడతో మాట్లాడేవాళ్లను చూశాను. రాత్రి రెండింటికి నర్సు చూసినప్పుడు హాయిగా గురకపెడుతుంటారు. వారాల తరబడి, మూడు షిఫ్టుల కళ్ల ముందు నటించడం సినిమావాళ్లకే కష్టం.

ఇక్కడ నా వంతు ఏమిటంటే, ఊరికి పోయి అడగడం. నిద్ర పట్టడం ఎప్పుడు ఆగింది? పనికి పోవడం ఎప్పుడు మానేశాడు? కిరాణా కొట్టాయన దగ్గర ఖాతా ఎప్పుడు ఆగింది? ఆర్‌ఎంపీ డాక్టరు మొదటి సూది ఎప్పుడు వేశాడు? ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ కొంత దాస్తారు, కోపంకొద్దీ కొంత పెంచుతారు. కొట్టాయనకు రెండూ ఉండవు. ఆయన నోటుబుక్కు నాకు చాలాసార్లు పనికొచ్చింది.

అపోహ: తాగిన మత్తులో చేసిండు, అదీ పిచ్చే కదా

కాదు. తనంతట తాను తాగిన మత్తు చట్టం దృష్టిలో మతిస్థిమితం లేకపోవడం కిందికి రాదు. తెలియకుండానో బలవంతంగానో తాగించినప్పటి సంగతి వేరు.

అయితే మన వైపు ఒక చిక్కుంది. కల్తీ కల్లు. నిజామాబాద్, కామారెడ్డి వైపు మరీ ఎక్కువ. ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. రోజూ దానికి అలవాటైన మనిషిని అరెస్టు చేస్తే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, నిద్ర లేకపోవడం, లేనివి కనిపించడం, ఫిట్స్ మొదలవుతాయి. లాకప్‌లో చూసినవాళ్లు నాటకం అనుకుంటారు, లేదంటే పిచ్చి అనుకుంటారు. రెండూ కాదు, ప్రాణం మీదికి వచ్చే ఎమర్జెన్సీ. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 2015లో కల్లు కల్తీ మీద దాడులు జరిగినప్పుడు ఇలాంటివాళ్లతో ఆసుపత్రులు నిండిపోయాయి.

అపోహ: చేతబడి అన్నడంటే అది రోగమే. లేదా, రోగం కాదు చేతబడే

రెండు రకాల జనమూ నాకు దొరుకుతారు. ఈ పనిలో నన్ను బాగా ఆలోచింపజేసేది ఇదే.

సిటీలో ఒకతను “నా మీద ఎవరో మంత్రం చేశారు” అంటే డాక్టరుకు వెంటనే అనుమానం వస్తుంది. మన ఊళ్లలో అదే మాట ఇంటివాళ్లు, వాడకట్టు, కులపెద్ద అంతా అంటారు. బాణామతి చేసిందని ముసలామె మీద ఊరంతా అనుమానపడుతున్నప్పుడు, నిజంగా రోగం ఉన్న కుర్రాడి మాట ఎవరికీ వింతగా వినిపించదు. పైగా “మేం చెప్తలేమా” అంటారు. రోగం ఊరి నమ్మకం వెనక దాక్కుంటుంది. కర్ర ఎత్తేదాకా ఎవరికీ తెలియదు.

నేను వెతికేవి చిన్న చిన్న తేడాలు. ఊరివాళ్లు ఆమెను అనుమానిస్తారు, ఇతనికి మాత్రం ఆమె గొంతు రాత్రంతా చెవిలో వినిపిస్తుంది. ఊరివాళ్లు నిమ్మకాయ చూసి పక్కకు తప్పుకుంటారు, ఇతను ఫ్యానులోంచి, ఫోనులోంచి మంత్రం వస్తోందని వైర్లు పీకేస్తాడు. నమ్మకం ఉన్న మనిషి పొద్దున లేచి పొలానికి పోతాడు. రోగం ఉన్న మనిషి తిండి, స్నానం, పని అన్నీ మానేస్తాడు. పూనకం కూడా అంతే. జాతరలో పూనకం వచ్చిన ఆమె గంట తర్వాత పిల్లలకు అన్నం కలిపి పెడుతుంది. దాన్ని రోగమని రాయడం నా దృష్టిలో మూర్ఖత్వం.

దర్గాకు, గుడికి పోతామంటే నేను అడ్డం చెప్పను. గోలీ వేసుకుని పొమ్మంటాను. గొలుసుల దగ్గర మాత్రం రాజీ లేదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం గొలుసులతో కట్టేయడం నిషేధం. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఎర్వాడిలో, మానసిక రోగులను ఉంచిన ఒక గృహంలో మంటలు అంటుకున్నప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది చనిపోయారు.

అపోహ: సోషల్ వర్కర్ అంటే పండ్లు పంచేటోళ్లు

పండ్లు పంచేవాళ్లంటే నాకు గౌరవమే. నా పని అది కాదు. ఎమ్మెస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ తర్వాత సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో ప్రత్యేక శిక్షణ ఉంటుంది. రోజు మాత్రం ఆధార్ నంబరు వెతకడం, వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు తేదీ దొరకబుచ్చుకోవడం, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఉచిత లాయరు కోసం రాయడం, వాయిదాకు ఎస్కార్ట్ పోలీసులు దొరక్కపోతే ఫోన్లు చేయడం, వీటితోనే గడిచిపోతుంది.

ఒకటి మాత్రం మొదటి రోజే రోగికి చెబుతాను. “నువ్వు నాతో చెప్పేదంతా మనిద్దరి మధ్యే ఉండదు. కొంత రిపోర్టులో రాయాలి, అది కోర్టుకు పోతుంది.” ఇది చెప్పకుండా నమ్మకం సంపాదిస్తే అది మోసం. కొందరు విని మూడు వారాలు నోరు విప్పరు. విప్పకపోయినా పర్వాలేదు.

భయం కాదా అని అడుగుతారు. ఇన్నేళ్లలో ఒక్కసారి చెంపదెబ్బ తిన్నాను. ఇంటికి ఫోను చేసుకునే టైములో ఒకతనికి అడ్డం నిలబడి ఏదో ఫారం నింపమన్నాను. తప్పు నాదే. హోం విజిట్లలో కుక్కలే నన్ను ఎక్కువ భయపెట్టాయి.

అపోహ: నయమైతే ఇంటికి పంపేస్తరు

పంపడానికి ఇల్లు ఉండాలి. విచారణకు పనికిరాడని తేలినవాడికి, వార్డులో ఉంచాల్సినంత జబ్బు లేకపోతే, కేసు బెయిలు ఇచ్చే రకం కాకపోయినా బెయిలు మీద విడుదల చేయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 369 చెబుతుంది. దానికి షరతు ఒకటుంది. బంధువో స్నేహితుడో ముందుకొచ్చి, దగ్గర్లోని ఆసుపత్రిలో క్రమం తప్పకుండా చూపిస్తామని, ఎవరికీ హాని జరగకుండా చూసుకుంటామని రాసివ్వాలి. ఆ సంతకం కోసమే నేను ఊళ్లు తిరిగేది. ఇంటివాళ్లు తీసుకెళ్లడం లేదన్న ఒక్క కారణంతో మనిషిని ఆసుపత్రిలో ఉంచేయకూడదని 2017 చట్టం స్పష్టంగా చెబుతుంది. కానీ తలుపు తీయించే పని చట్టం చేయదు.

దూరం ఇంకో బాధ. 2021లో వరంగల్ సెంట్రల్ జైలును పెద్దాసుపత్రి కట్టడానికి ఖాళీ చేసి, ఖైదీలను చర్లపల్లి, చంచల్‌గూడ, ఖమ్మం వైపు పంపారు. హన్మకొండ దాకా వచ్చి ములాఖత్ చూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరే ఏటూరునాగారం తల్లి ఇప్పుడు రెండు రోజుల కూలి వదులుకోవాలి. రాకపోకలు తగ్గినకొద్దీ మనిషి ఊరి లెక్కలోంచి జారిపోతాడు.

ఒక కేసులో నేను ఘోరంగా పొరబడ్డాను. తమ్ముడు ఫోనులో “పంపుండ్రి మేడం, మా అన్నను మేం సూసుకోమా” అన్నాడు. గొంతులో ప్రేమ విని, ఇంటికి పోకుండానే బాగానే ఉంటుందని రాశాను. మూడు నెలలకు అన్న మళ్లీ వార్డులో ఉన్నాడు, ఇంకో కేసుతో. అప్పుడు పోయాను. అన్నకు వాటాగా వచ్చిన ఎకరంన్నరను తమ్ముడు ఎప్పుడో తన పాసుబుక్కులో ఎక్కించుకున్నాడు. అన్న వచ్చి అడిగాడు, గొడవైంది, గోలీలు ఇవ్వడం ఆగిపోయింది. అప్పటినుంచి “మాకు భయమైతది మేడం” అనే మాట వినగానే భూమి ఎవరి పేరు మీద ఉందో కనుక్కుంటాను. నిజంగా భయపడేవాళ్లూ ఉంటారు, దెబ్బ తిన్నవాళ్లకు ఆ హక్కుంది. వాళ్లను నేను బలవంతపెట్టను. కానీ రోగం వచ్చినంత మాత్రాన ఆస్తి మీద హక్కు పోదు. ఆ మాట ఇంటివాళ్ల ముందు, సర్పంచ్ ముందు చెప్పాల్సిందే. సదరం సర్టిఫికెట్‌తో దివ్యాంగుల పింఛను 4,016 రూపాయలు వస్తుందని తెలిసినప్పుడు కొన్ని ఇళ్లలో మాట మెత్తబడటం చూశాను. అందులో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు.

అపోహ: పోలీసులు తీసుకపోయినంక ఇంటోళ్లు చేసేదేం లేదు

ఉంది. మొదటి రిమాండు రోజునే మేజిస్ట్రేటు ముందు, లాయరుతోనో స్వయంగానో, “ఇతనికి మానసిక వైద్యం నడుస్తోంది” అని చెప్పించండి. లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే న్యాయ సేవాధికార సంస్థవాళ్లను అడగండి, ఉచితం. ఏ గోలీ ఎంత డోసు వేసుకుంటున్నాడో జైలు డాక్టరుకు చేరేలా చూడండి. నెలకోసారి సూది వేయించుకునేవాళ్లయితే చివరి సూది తేదీ తప్పకుండా చెప్పండి. ఒక్క నెల తప్పినా నెలల కష్టం వృథా అవుతుంది. ఎవరిని అడగాలో తెలియకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

పాత చీటీలు పారేయకండి. మహబూబాబాద్ వైపు నుంచి ఒకామె కొడుకు కేసు కోసం బియ్యం సంచిలో ఏడేళ్ల చీటీలు మోసుకొచ్చింది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి ఓపీ చీటీలు, మందుల షాపు బిల్లులు, సగం చెదలు తిన్నవి. అన్నిటికంటే అడుగున క్యాలెండర్ కాగితం వెనక ఊరి ఆర్‌ఎంపీ రాసిచ్చిన రెండు గోలీల పేర్లు, కింద తేదీ. సంఘటనకు పదకొండు రోజుల ముందుది. “ఇది పనికొస్తదా బిడ్డా, పారేద్దమనుకున్న” అంది. జిరాక్స్ తీయించి అసలు కాగితం ఆమె లాయరుకు ఇచ్చాను.