సొంత స్క్రైబ్ ఎందుకు వద్దంటున్నారు: పీజీ సీటు వెనక పన్నెండేళ్ళ గొడవ

పీజీ నోటిఫికేషన్లు పడినప్పుడల్లా, సెమిస్టర్ ఫీజు డేట్లు వచ్చినప్పుడల్లా దివ్యాంగ విద్యార్థుల మధ్య ఇప్పుడు ఒకటే ప్రశ్న, పరీక్షలో మనం చెప్పింది రాసిపెట్టే మన స్క్రైబ్‌ని ఇకమీదట మనం తెచ్చుకోనిస్తారా లేదా అని. దీనికి మూలం 2025 ఆగస్టులో కేంద్రంలోని దివ్యాంగుల సాధికారత విభాగం ఇచ్చిన కొత్త గైడ్‌లైన్స్. పరీక్షలు పెట్టే సంస్థలు రెండేళ్ళలో సొంతంగా స్క్రైబ్‌ల ప్యానెల్ తయారు చేసుకోవాలి, ఆ తర్వాత అభ్యర్థి తన మనిషిని తెచ్చుకునే పద్ధతి ఆగిపోవాలి అని అందులో ఉంది. ఈలోపు తెచ్చుకోవచ్చు గానీ ఆ స్క్రైబ్ చదువు పరీక్షకి కావాల్సిన కనీస అర్హత కంటే రెండు మూడేళ్ళు తక్కువ ఉండాలట.

దివ్యాంగుల కోసం వచ్చిన 1995 చట్టం, 3 శాతం సీట్లు, 2016 చట్టం వచ్చాక అది 5 శాతం అవడం, ఏడు రకాల వైకల్యాలు ఇరవై ఒకటి అవడం, ఇవన్నీ తెలిసినవే కాబట్టి మళ్ళీ చెప్పను. ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోవాలి. 2016 చట్టంలో పై చదువుల గురించి ప్రత్యేకంగా ఉన్న 32వ సెక్షన్ సీటు గురించి, అయిదేళ్ళ వయసు సడలింపు గురించి చెప్తుంది, అంతే. సీటొచ్చాక క్లాసులో, ఎగ్జామ్ హాల్లో ఏం ఇవ్వాలన్నది 16, 17 సెక్షన్లలో ఉంటుంది, ఎక్స్‌ట్రా టైమ్, స్క్రైబ్ అన్న మాటలు ఉన్నది అక్కడే. యూనివర్సిటీల్లో సీట్ల లెక్క చూపించడానికి ఒక విభాగం ఉంటుంది, ఎగ్జామ్ బ్రాంచ్‌లో స్క్రైబ్ కాగితం పట్టుకుని తిరగాల్సింది మాత్రం విద్యార్థే.

నన్నడిగితే ఈ గొడవంతా 2018లో మలుపు తిరిగింది. అది అర్థం కావాలంటే ముందు 2013 చూడాలి.

2013 ఫిబ్రవరి 26న కేంద్రం మొదటిసారి దేశమంతటికీ ఒకే రకంగా ఉండేలా స్క్రైబ్ గైడ్‌లైన్స్ ఇచ్చింది. అందులో చాలా స్పష్టంగా ఒక మాట రాశారు: స్క్రైబ్‌కి ఇంత చదువే ఉండాలి, ఇన్ని మార్కులే ఉండాలి, ఇంత వయసే ఉండాలి అని షరతులు పెట్టక్కర్లేదు, దానికి బదులు ఇన్విజిలేషన్ గట్టిగా చెయ్యండి. అంటే కాపీ జరుగుతుందన్న భయం ఉంటే ఆ బాధ్యత హాల్లో కూర్చున్న ఇన్విజిలేటర్‌ది, పరీక్ష పెట్టేవాళ్ళది. స్క్రైబ్‌ని ఎంచుకునే స్వేచ్ఛ విద్యార్థిది. అడిగి సాధించుకున్న మాట అది, చూపులేని విద్యార్థుల సంఘాలు ఏళ్ళ తరబడి చెప్తూ వచ్చిన మాట.

2018 ఆగస్టు 29న దాన్ని మార్చేశారు. కొత్త చట్టానికి తగ్గట్టు సవరిస్తున్నాం అన్నారు, పరీక్షకి రెండ్రోజుల ముందే స్క్రైబ్‌ని కలిసి చూసుకునే వీలు లాంటి మంచివి కూడా వచ్చాయి, గంటకి 20 నిమిషాలు తగ్గకుండా అదనపు టైమ్, కంప్యూటర్ మీద రాస్తే ముందు రోజు సిస్టమ్ చెక్ చేసుకునే వీలు 2013 నుంచి ఉన్నవే, అవీ కొనసాగాయి. కానీ షరతులు వద్దన్న ఆ పాత వాక్యం పోయింది. దాని బదులు, సొంతంగా తెచ్చుకునే స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలి అని వచ్చింది. సంస్థ ఇచ్చే స్క్రైబ్ అయితే పరీక్షకి కావాల్సిన కనీస అర్హతకి మించి చదివుండకూడదు, కనీసం పదో తరగతి పాసై ఉండాలి.

అనుమానం ఇన్విజిలేటర్ దగ్గర్నుంచి స్క్రైబ్ మీదకి, స్క్రైబ్ మీంచి విద్యార్థి మీదకి మారింది ఆ రోజే. 2025లో వచ్చిన రెండు మూడేళ్ళ తేడా, సొంత స్క్రైబ్ వద్దన్న మాట, అన్నీ దీనికి కొనసాగింపే.

పరీక్షలు పెట్టేవాళ్ళ వాదన కూడా ఉంది. స్క్రైబ్ పేరుతో సబ్జెక్ట్ తెలిసినవాళ్ళని కూర్చోబెట్టి రాయిస్తున్నారని, దాంతో నిజంగా కష్టపడి చదివిన మిగతా అభ్యర్థులకి, అందులో దివ్యాంగులకి కూడా, అన్యాయం జరుగుతోందని. అలాంటివి జరగట్లేదని ఎవరూ అనరు.

కానీ ఈ షరతు పీజీలో ఎలా పని చేస్తుందో ఒకసారి దగ్గర్నుంచి చూడండి. ఎం.ఏ. తెలుగు చదివే చూపులేని అమ్మాయి ఛందస్సు పేపర్ రాస్తోంది అనుకుందాం. ఉత్పలమాల లక్షణం ఆమెకి నోటికి వచ్చు, భ ర న భ భ ర వ అని గణాలు చెప్తుంది, పద్యపాదం చెప్పి, ఏది గురువో ఏది లఘువో చెప్తూ గుర్తులు పెట్టమంటుంది. ఎదురుగా కూర్చున్నది ఇంగ్లీష్ మీడియంలో ఇంటర్ చదువుతున్న కుర్రాడు. ఏ అక్షరం మీద ఏ గుర్తు పెట్టాలో తెలీదు, ళ ఎక్కడో ల ఎక్కడో తడబడతాడు, అరసున్న ఎప్పుడూ రాయలేదు, ప్రతి సంయుక్తాక్షరం విడగొట్టి చెప్పాలి. మూడు గంటల పేపర్‌కి ఆమెకిచ్చిన ఆ గంట ఎక్స్‌ట్రా టైమ్ అక్షరాలు చెప్పడానికే అయిపోతుంది. తప్పులకి మార్కులు పోయేది మాత్రం ఆమెవి. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్‌లో సిగ్మా కింద ఏం రాయాలి, పైన ఏం రాయాలి అని చెప్పుకోవడం కూడా ఇంతే. సబ్జెక్ట్ గుర్తులు తెలిసిన మనిషి రాసినంత మాత్రాన కాపీ అయిపోదు, పక్కనే ఇన్విజిలేటర్ ఉంటాడు, ఆమె చెప్పిందే రాస్తున్నాడా లేదా అని వినొచ్చు, రికార్డ్ చెయ్యొచ్చు.

పైగా ఒక మెట్టు తక్కువ అంటే ఏంటన్నది కూడా తేలని విషయం. పీజీ సెమిస్టర్ రాసేవాడి చదువు పాసైన డిగ్రీ అనుకోవాలా, చదువుతున్న పీజీ అనుకోవాలా? మొదటిదైతే ఇంటర్ వాళ్ళే రావాలి, రెండోదైతే డిగ్రీ వాళ్ళు రావొచ్చు. ఇది ఆఫీసులో కూర్చున్న మనిషిని బట్టి మారితే విద్యార్థి పరీక్ష ముందు వారం చదువుకోవాలా, స్క్రైబ్ కోసం ఊరంతా వెతుక్కోవాలా?

ఈ మధ్యలో సుప్రీంకోర్టు ఇంకో దారిలో నడిచింది. 2021 ఫిబ్రవరి 11న వికాశ్ కుమార్ కేసులో, రైటర్స్ క్రాంప్ వల్ల చేత్తో రాయలేని అభ్యర్థికి స్క్రైబ్ ఇవ్వం అన్న యూపీఎస్సీ వాదన చెల్లదంది. 40 శాతం వైకల్యం ఉంటేనే స్క్రైబ్ అన్నది తప్పు, ఆ శాతం రిజర్వేషన్‌కి సంబంధించింది, సౌకర్యాలకి కాదు అని చెప్పింది. కొందరు దుర్వినియోగం చేస్తారేమోనన్న భయంతో మొత్తం సౌకర్యాన్నే ఆపెయ్యడం కుదరదన్న ఆలోచన కూడా ఆ తీర్పులో ఉంది. మూడు నెలల్లో గైడ్‌లైన్స్ చెయ్యమంటే అవి 2022 ఆగస్టు 10న వచ్చాయి. అదే 2021లో నీట్ రాసిన, డిస్గ్రాఫియా (రాయడంలో ఇబ్బంది పెట్టే సమస్య) ఉన్న విద్యార్థినికి సెంటర్‌లో ఎక్స్‌ట్రా గంట ఇవ్వకుండా పేపర్ లాగేసుకున్న కేసు కూడా సుప్రీంకోర్టుకి వచ్చింది. తప్పు నీట్ పెట్టే ఎన్‌టీఏదే అని నవంబర్‌లో కోర్టు తేల్చింది, అయినా మళ్ళీ పరీక్ష పెట్టమనలేదు. తీర్పు గెలవడం వేరు, పోయిన గంట తిరిగి రావడం వేరు.

2025 ఫిబ్రవరిలో గుల్షన్ కుమార్ కేసులో కోర్టు ఇంకాస్త ముందుకెళ్ళి, 40 శాతం ఉన్నవాళ్ళకి పరీక్షల్లో ఇచ్చే సౌకర్యాలన్నీ మిగతా దివ్యాంగులందరికీ ఇవ్వాలి, 2022 నాటి గైడ్‌లైన్స్ సవరించండి అంది. ఆగస్టులో వచ్చిన గైడ్‌లైన్స్ ఈ తీర్పు తర్వాతవే. సౌకర్యం ఎక్కువమందికి అందించండి అని కోర్టు చెప్తే, అందించే గైడ్‌లైన్స్‌లోనే సొంత స్క్రైబ్‌కి గడువు పెట్టారు. కంప్యూటర్ మీద సొంతంగా రాయడాన్ని ప్రోత్సహిస్తామన్నది మాత్రం మంచి మాటే, తెర మీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడటం వచ్చినవాళ్ళు చాలామంది అదే కోరుకుంటారు. కానీ డిగ్రీ దాకా స్క్రైబ్‌తోనే రాసి, తెలుగు టైపింగ్ ఎవరూ నేర్పనివాళ్ళు పీజీలో చేరిన మొదటి సెమిస్టర్‌కే కీబోర్డు మీదకి ఎలా మారతారు? నేర్పే బాధ్యత ఏ డిపార్ట్‌మెంట్‌ది?

మన దగ్గర ఇంకో ముడి ఉంది, సర్టిఫికెట్. వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం, ఆ పైన ఉన్నవాళ్ళకి దారి తెలుసు. 35 శాతం పడినవాళ్ళు స్క్రైబ్ కోసం చేత్తో రాయలేనని విడిగా డాక్టర్లతో రాయించుకుని తేవాలి. అడ్మిషన్ రోజే ఈ కాగితం అడిగి తీసుకుంటే సరిపోతుంది, ఎగ్జామ్ హాల్ టికెట్ టైమ్‌లో అడిగితే ఆ సెమిస్టర్ పోయినట్టే.

2025 ఆగస్టు నుంచి రెండేళ్ళంటే గడువు 2027 ఆగస్టుతో అయిపోతుంది. 2026లో పీజీలో చేరేవాళ్ళకి అది సరిగ్గా మూడో సెమిస్టర్ మొదలయ్యే టైమ్. అప్పటికి తెలుగు ఛందస్సు రాయగలిగినవాళ్ళు, స్టాటిస్టిక్స్ గుర్తులు తెలిసినవాళ్ళు ప్యానెల్‌లో ఎంతమంది ఉంటారో, వాళ్ళని విద్యార్థి రెండ్రోజుల ముందు కలవొచ్చో లేదో, నచ్చకపోతే మార్చుకోవచ్చో లేదో ప్రతి యూనివర్సిటీ ఎగ్జామ్ బ్రాంచ్ ఇప్పుడే రాతపూర్వకంగా చెప్పాలి. అది చెప్పేదాకా సొంత స్క్రైబ్‌ని ఆపే హక్కు ఎవరికీ లేదన్నదే విద్యార్థుల వాదన.