అపోహలు - వాస్తవాలు: మీ ట్రస్టు ఓటీపీ ఎవరి ఫోనుకు వెళ్తోంది?

మే నెల వచ్చిందంటే నా ఫోను మోగుతూనే ఉంటుంది. తిరుపతి, పుత్తూరు, పలమనేరు, కుప్పం వైపు చిన్న ట్రస్టులకు లెక్కలు, ఆన్‌లైన్ పనులు చూసిపెడుతుంటాను. ఏటా వినే మాట ఒకటే: "మాకు కంప్యూటర్ తెలిసిన పిల్లోడున్నాడు సార్, అన్నీ వాడే చూసుకుంటాడు."

ఎక్కువ నష్టం తెచ్చే అపోహ ఇదే.

వాస్తవం: ఆ పిల్లోడు మంచివాడే. కానీ సంస్థ మెయిల్, ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ పోర్టల్ దర్పణ్ లాగిన్, ఫేస్‌బుక్ పేజీ అన్నీ అతని సొంత నంబరు మీద ఉంటే, రేపు బెంగళూరులో ఉద్యోగం వచ్చి సిమ్ మార్చిన రోజున అవన్నీ అతనితోపాటే పోతాయి.

పుత్తూరు దగ్గర వృద్ధాశ్రమం నడిపే ఒకమ్మ మే 27న నా దగ్గరికి వచ్చారు. 80జి (విరాళానికి పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్) కింద విరాళమిచ్చిన దాతల వివరాలు ఇన్‌కం ట్యాక్స్ పోర్టల్‌లో టెన్ బీడీ ఫారంలో మే 31 లోగా ఎక్కించాలి. ఓటీపీ మాత్రం ఎప్పుడో మానేసిన వాలంటీరు నంబరుకు పోతోంది. ఆ నంబరు పనిచేయడం లేదు. "నేనేదైనా నొక్కితే అంతా పోతుందేమోనని ముట్టుకోలేదు నాయనా" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ముప్పై మంది ముసలివాళ్ళకు వేళకు అన్నం పెట్టే మనిషికి ఈ టెన్షన్ ఎందుకు రావాలి? ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. అంతకంటే కష్టం, ఆ ఫారం వెళ్ళకపోతే దాతలకు టెన్ బీఈ అనే విరాళం సర్టిఫికెట్ రాదు, పన్ను మినహాయింపు దొరకదు. మరుసటి ఏడు వాళ్ళు మళ్ళీ ఇస్తారో లేదో. ఆమె పేరున కొత్త డిజిటల్ సంతకం తీయించి, దాంతో పాస్‌వర్డ్ మార్చి, 30వ తేదీ రాత్రి దాఖలు చేశాం. రసీదు పుస్తకంలో ఆమె తన చేత్తో రాసిపెట్టుకున్న పాన్ నంబర్లే ఆ రోజు ఆదుకున్నాయి.

కాబట్టి ట్రస్టుకంటూ ఒక సిమ్ తీసుకోండి. ఆఫీసు బీరువాలో పెట్టి మరిచిపోవద్దు, రీచార్జ్ చేయకపోతే నంబరు పోతుంది. సంస్థ పేరున ఒక మెయిల్ తెరవండి, రికవరీకి ఇద్దరు ట్రస్టీల నంబర్లు ఇవ్వండి. రెండేళ్ళు తెరవని జీమెయిల్ ఖాతాను గూగుల్ తీసేయవచ్చు, అదీ గుర్తుండాలి. ఫేస్‌బుక్ పేజీకి ఇద్దరు అడ్మిన్లు ఉండాలి. పాస్‌వర్డులు ఒక నోటుబుక్కులో రాసి, తీర్మానాల పుస్తకంతోపాటు తాళం వేసి ఉంచండి.

అపోహ: సర్వేలకు సొంత యాప్ చేయించాల్సిందే.
లక్షలు పోయకండి. కోబో టూల్‌బాక్స్ అనే సర్వే సాధనం చిన్న సంస్థలకు ఉచితంగానే సరిపోతుంది. కుప్పం అడవి పల్లెల్లో సిగ్నల్ లేకపోయినా వివరాలు ఫోనులో నింపుకుని, ఊళ్ళోకి వచ్చాక పంపుకోవచ్చు.

అపోహ: ఫొటోలు, బిల్లులు వాట్సాప్ గ్రూపులో భద్రంగా ఉంటాయి.
ఉండవు. బ్యాకప్ లేకుండా ఫోను పోతే పాతవి తిరిగి తెరుచుకోవు. వారానికోసారి గూగుల్ డ్రైవ్‌లో వేయండి.

అపోహ: అమెరికాలో ఉన్నవాళ్ళ దగ్గర రూపాయి తీసుకున్నా కేసు పెడతారు.
ఈ పుకారు విని ఎంతమంది సొంత ఊరివాళ్ళ సాయం వదులుకున్నారో! భారత పౌరసత్వం ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళయితే, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చేది) ఉన్నా, మీ ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి. అందుకే డబ్బు తీసుకునే ముందే పాస్‌పోర్టు కాపీ ఒకటి అడిగి ఫైల్లో పెట్టుకోండి.