రామేశ్వరం సముద్ర స్నానం: అపోహలు – వాస్తవాలు

చెన్నై నుంచి తెలుగు కుటుంబాలను రామేశ్వరం తీసుకెళ్లడం నా వృత్తి. పెరంబూరు, అంబత్తూరు వైపు వాళ్లు ఎక్కువగా వస్తారు. ఒంగోలు నుంచో విజయవాడ నుంచో వచ్చిన అత్తమామలు, పెద్దమ్మలు వాళ్లకు తోడవుతారు. సాయంత్రం రైలు తాంబరం దాటగానే ప్రశ్నలు మొదలవుతాయి. వాటిలో చాలావరకు భయాలే. శాస్త్రం పెట్టని నియమాల కోసం డెబ్బై ఏళ్లవాళ్లు ఒళ్లు హూనం చేసుకోవడం చూడలేక ఇది రాస్తున్నాను.

అపోహ: పర్వదినాల్లో తప్ప సముద్రాన్ని ముట్టుకోకూడదు.

మిగతా తీరాలకు అలాంటి నియమం చెబుతారు, నిజమే. రామేశ్వరంలో చేసే సేతు స్నానానికి మాత్రం కాలనియమం లేదని పురోహితులే అంటారు. ఏ రోజైనా మునగవచ్చు. తమిళుల ఆడి అమావాస్య, తై అమావాస్య, మన మహాలయ అమావాస్య రోజుల్లో గుడి ఎదుటి సముద్రమైన అగ్నితీర్థం ఒడ్డున కాలు పెట్టే చోటు దొరకదు. పితృకార్యం ఆ తిథికే జరగాలన్న పట్టింపు లేకపోతే, పెద్దవాళ్లతో వచ్చేవారు మామూలు రోజు ఎంచుకోవడం మేలు.

అపోహ: ముందు గుడిలో బావుల స్నానం, ఆఖరున సముద్రం.

వరుస దీనికి తలకిందులు. తూర్పు గోపురం ఎదుట ఉన్న సముద్రమే అగ్నితీర్థం. అక్కడ సంకల్పం చెప్పుకుని మునిగి, ఆ తడిబట్టలతోనే గుడిలోని 22 తీర్థాలకు, అంటే ఆ బావులకు వెళ్లాలి. ఉప్పునీరంతా అక్కడ వదిలిపోతుంది. తర్వాత పొడిబట్టలు కట్టుకుని దర్శనానికి వెళ్లాలి. తడిబట్టలతో స్వామి సన్నిధికి పంపరు.

అపోహ: 22 తీర్థాల్లో ఒక్కటి తప్పినా యాత్ర ఫలించదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. బావి గట్టు మీద నిలబడిన మనిషి తాడు కట్టిన చిన్న బకెట్‌ను లోపలికి విసిరి, చకచకా పైకి లాగి, ఒక్క విసురున తల మీద కుమ్మరిస్తాడు. తేరుకునేలోగా వెనకున్నవాళ్లు ముందుకు తోస్తారు, తర్వాతి బావికి నడవాలి. దారంతా తడిసిన రాతినేల. మోకాళ్ల నొప్పులున్న మామ్మగారు ఒక చేత్తో చీర కుచ్చెళ్లు, మరో చేత్తో మనవడి భుజం పట్టుకుని, వణుకుతూనే లెక్క పూర్తి చేయాలని చూస్తారు. శక్తి లేనివారికి మన పెద్దలు మంత్రస్నానం చెప్పారు: ‘ఆపోహిష్ఠా’ మంత్రంతో తల మీద నీళ్లు చల్లుకుంటే చాలు. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారికి అగ్నితీర్థంలో పాదాలు తడిపి, చివరిదైన కోటితీర్థం నీళ్లు ప్రోక్షించుకోమని చెబుతాను. చక్కెర వ్యాధి మందులు వాడేవారు కటిక ఉపవాసంతో వరుసలో నిలబడవద్దు. తీర్థాల స్నానానికి టిక్కెట్టు దేవస్థానం కౌంటర్లోనే తీసుకోండి, దారిలో పలకరించిన మధ్యవర్తి దగ్గర వద్దు.

సముద్రం పక్కనే ఉన్నా బావుల నీళ్లు ఉప్పగా లేవేమని అందరూ అడుగుతారు. రామేశ్వరం ఇసుక దీవి. ఇంకిన వాన నీరు ఉప్పునీటి కంటే తేలిక కాబట్టి దాని పైన పొరగా నిలుస్తుంది. ఆ పొర వరకే తవ్విన బావిలో మంచినీరు ఊరుతుంది. ఈ సంగతి తెలిశాక నా భక్తి పెరిగిందే కానీ తగ్గలేదు.

అపోహ: అగ్నితీర్థంలో అలలు లేవు కాబట్టి దీవి చివరనున్న ధనుష్కోడిలోనూ ధైర్యంగా మునగవచ్చు.

ఈ పొరపాటు ప్రాణాల మీదికి తెస్తుంది. అగ్నితీర్థం ఉన్న పాక్ జలసంధి వైపు లోతు తక్కువ, నీరు నెమ్మది. అక్కడి జాలర్లు దాన్ని ఆడ సముద్రమని, మన్నార్ సింధుశాఖ వైపు దాన్ని మగ సముద్రమని పిలుస్తారు. ఈశాన్య రుతుపవనాల వేళ ఆ ఆడ సముద్రం కూడా ఉగ్రరూపం చూపిస్తుంది. ధనుష్కోడి కొసన రెండు నీళ్లు కలిసే అరిచల్ మునై దగ్గర అడుగున ప్రవాహం బలంగా లాగుతుంది. అక్కడ దిగవద్దని హెచ్చరిక బోర్డులున్నాయి. దణ్ణం పెట్టుకుని, ఒడ్డున చెంబుతో నీళ్లు పోసుకుంటే చాలు. 1964 డిసెంబరు 22 రాత్రి తుపానుకు ధనుష్కోడి ఊరంతా, పాంబన్ నుంచి వస్తున్న ప్యాసింజరు రైలుతో సహా, కొట్టుకుపోయింది. శిథిలమైన చర్చి గోడలు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. సాయంత్రమైతే చెక్‌పోస్టు దగ్గర వాహనాలు ఆపేస్తారు, ఉదయమే వెళ్లిరండి.

అపోహ: కట్టుకున్న బట్టలు సముద్రంలో వదిలితే పాపం పోతుంది.

పోదు. ఆ చీరలూ పంచెలూ తర్వాత మునిగేవారి కాళ్లకు చుట్టుకుంటాయి, జాలర్ల వలల్లో పడతాయి. పాక్ అఖాతంలో సముద్రపు గడ్డి తిని బతికే కడలి ఆవులు (డుగాంగ్ అనే జలచరాలు) ఉన్నాయి. వాటి కోసం 2022లో తమిళనాడు ప్రభుత్వం ప్రత్యేక సంరక్షణ ప్రాంతం ప్రకటించింది. దయచేసి తడిబట్టలు సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోండి.

అపోహ: కాశీ చూశాకే రామేశ్వరం రావాలి.

సంప్రదాయంలో రామేశ్వరం నుంచి మొదలుపెట్టే దారి ఉంది. సేతువు ఇసుక తీసుకెళ్లి ప్రయాగ త్రివేణిలో కలిపి, కాశీ దర్శనం చేసుకుని, గంగ తెచ్చి రామనాథుడికి అభిషేకం చేయిస్తారు. ఇసుక గుప్పెడు చాలు, సంచి నింపనక్కరలేదు.